ఆ కెమెరా ఉన్న ఆస్పత్రికే వెళ్ళాలా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లెటూరు. పొగాకు వేస్తాం. మా ఆవిడకు 47 ఏళ్ళు. సంక్రాంతికి ముందు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఒంగోలులో మామోగ్రామ్, బయాప్సీ చేయించాం. క్యాన్సర్ అని వచ్చింది. రిపోర్టుల ఫొటోలు పంపుతున్నాను. నెల్లూరులో చూపిస్తే సర్జన్ గారు గడ్డ వరకు తీస్తే చాలు, రొమ్ము మొత్తం తీయక్కర్లేదన్నారు. కానీ అంచుల రిపోర్టు వారం తర్వాత వస్తుంది, తేడా ఉంటే ఇంకోసారి థియేటర్‌కి రావాల్సి ఉంటుందని కూడా అన్నారు. చెన్నైలో ఉండే మా బావమరిది ఇప్పుడు ఏదో కెమెరా వచ్చిందంటున్నాడు. ఆపరేషన్ చేస్తుండగానే క్యాన్సర్ మిగిలిందో లేదో వెలుగులో చూపిస్తుందట, అది ఉన్న చోటికే వెళ్దామంటాడు. మా పెద్దన్నయ్య మొత్తం తీయించేస్తే పీడా పోతుందంటాడు. మా ఆవిడ “మీ ఇష్టం” అంటోంది. ఏం చేయమంటారు? ఇంకో సంగతి, బ్యారన్లలో పొగాకు కాల్చే సీజన్ నడుస్తోంది. ఒక రెండు నెలలు ఆగితే ఇబ్బందా?

జవాబు: చివర్లో అడిగినదానికి ముందు చెప్తాను. రెండు నెలలు వద్దు. మిగతా పరీక్షలు చేయించుకోవడానికి, ఇంకో డాక్టరు మాట వినడానికి, డబ్బు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పట్టినా కంగారు పడక్కర్లేదు. రాత్రికి రాత్రి పాకిపోయే జబ్బు కాదిది. కానీ ఆకు కాల్చడం అయ్యాక, వేలం అయ్యాక, అప్పుల లెక్క తేలాక అనుకుంటే ఉగాది వెళ్ళిపోయి ఎండలు ముదురుతాయి. బ్యారన్ దగ్గర పొయ్యి చూడటానికి ఈ ఏడు ఇంకో మనిషిని పెట్టుకోండి.

నేను సర్జన్‌ని కాదు. ముప్పై ఏళ్ళు పెథాలజిస్టుగా చేసి రిటైరయ్యాను. కోసేవాళ్ళు వేరు, వాళ్ళు కోసి పంపినదాన్ని చూసేవాళ్ళం మేం. పేషెంట్లకు మా మొహం తెలియదు, రిపోర్టు అడుగున సంతకం మాత్రం కనిపిస్తుంది. మీ సర్జన్ గారు వారం తర్వాత వస్తుందన్న రిపోర్టు రాసేది మా వాళ్ళే. ఆ వారంలో ఏం జరుగుతుందో చెప్తాను. అది తెలిస్తే కెమెరా గురించి మీ బావమరిదితో మీరే మాట్లాడగలరు.

థియేటర్ నుంచి ముక్క ల్యాబుకి వచ్చేటప్పటికి సపోటా పండంత ఉంటుంది, ఒక్కోసారి బత్తాయంత. పసుపుపచ్చటి కొవ్వు, మధ్యలో ఎక్కడో వేలికి తగిలే గట్టి గడ్డ. దానికి నల్ల పట్టుదారాలు రెండు వేలాడుతుంటాయి. పొట్టి దారం పైవైపుకి, పొడుగు దారం పక్కకి, అంటే చంక ఉన్న వైపుకి గుర్తు. చాలా చోట్ల ఇదే పద్ధతి. ఒంట్లోంచి బయటికొచ్చాక ముక్కకు తల ఏదో తోక ఏదో తెలియదు కదా, ఆ దారాలే దానికి దిక్కులు. వాటిని చూసుకుని ఒక్కో వైపుకి ఒక్కో రంగు సిరా పూస్తాం. పైన నీలం, కింద ఆకుపచ్చ, వెనక నలుపు, ఇలా ఆరు వైపులా. ఏ రంగు ఏ వైపో రిపోర్టులో రాసిపెడతాం. సిరా కారిపోకుండా పైన వెనిగర్ లాంటి ద్రవం అద్దుతాం. ఆ పూట ల్యాబంతా నూడుల్స్ బండి దగ్గర నిలబడ్డట్టు వాసన.

సిరా ఆరాక బ్రెడ్డు కోసినట్టు వరసగా పలచటి బిళ్ళలు కోస్తాం. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో ఒక రాత్రయినా నాననివ్వాలి. తొందరపడితే తర్వాత చేసే హార్మోన్ పరీక్షలు తప్పుతాయి. ఆ తర్వాత మైనంలో దిమ్మ కట్టి, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలచగా పొర తీసి, గాజు స్లైడు మీద పరిచి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెడతాం. అప్పుడు చూసేది ఒక్కటే. క్యాన్సర్ కణం సిరాను తాకిందా, లేదా? తాకకపోతే అంచు శుభ్రం. తాకిందంటే కత్తి క్యాన్సర్ మధ్యలోంచి వెళ్ళిందన్నమాట, ఆ వైపు ఒంట్లో ఇంకా మిగిలి ఉండొచ్చు. దాన్నే మార్జిన్ పాజిటివ్ అంటారు.

నేను చదువుకునే రోజుల్లో సిరాకీ క్యాన్సర్‌కీ మధ్య సెంటీమీటరు ఎడం ఉండాలని పట్టుబట్టే సర్జన్లుండేవాళ్ళు. అంత ఎడం కోసం రొమ్ములో మరీ పెద్ద గొయ్యి చేసేవాళ్ళు. 2014లో అమెరికాలోని క్యాన్సర్ సర్జన్ల సంఘం, రేడియేషన్ డాక్టర్ల సంఘం పాత అధ్యయనాలన్నీ కూర్చి చూసి, మీ ఆవిడకున్నలాంటి క్యాన్సర్‌కు సిరా తాకకపోతే చాలని తేల్చాయి, తర్వాత రేడియేషన్ ఎటూ ఉంటుంది కాబట్టి. ఇప్పుడు దాదాపు అందరూ పాటిస్తున్నది అదే. సిరా తాకితే మాత్రం ఊరుకోకూడదు. అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుంది. అందుకే రెండో ఆపరేషన్. పెద్ద పెద్ద దేశాల లెక్కల్లో కూడా గడ్డ వరకు తీయించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు ఇలా రెండోసారి థియేటర్‌కి వెళ్తున్నారు.

కాబట్టి మీ సర్జన్ గారు చేతగాక అలా అనలేదు. ఉన్న మాట ముందే చెప్పారు. అదొక్కటే విని నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఇప్పుడు మీ రిపోర్టుల సంగతి. మామోగ్రామ్ రిపోర్టు రెండో పేరాలో ఒక వాక్యం ఉంది. మీకు ఎవరూ చదివి చెప్పినట్టు లేరు. గడ్డ 2.3 సెంటీమీటర్లు, దాన్నుంచి చనుమొన వైపుకి ఇంకో సెంటీమీటరున్నర మేర సన్నటి కాల్సిఫికేషన్లు ఉన్నాయి అని. బయాప్సీ రిపోర్టులో ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, దాంతోపాటు డీసీఐఎస్ అని ఉంది. ఈ రెండు వాక్యాలూ ఒకే సంగతి చెప్తున్నాయి. మీ కేసులో అంచుల తకరారు ఎక్కడ రావచ్చో కూడా అవే చెప్తున్నాయి.

పాలనాళాలను పంట కాలువలనుకోండి. క్యాన్సర్ కణాలు పుట్టేది కాలువ లోపల. గట్టు తెగి చేలో పడ్డ నీళ్ళు ఇన్వేసివ్ క్యాన్సర్. చేతికి గడ్డగా తగిలేది అది. గట్టు తెగకుండా కాలువ పొడుగునా పారుతున్న నీళ్ళు డీసీఐఎస్. అది కాలువ ఎటు పోతే అటు పోతుంది. చేతికి తగలదు, కంటికి మామూలు కొవ్వులాగే ఉంటుంది. దాని గుర్తుగా అక్కడక్కడా సున్నపు రవ్వలు పేరుకుంటాయి, మామోగ్రామ్‌లో ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలుగా కనిపించేవి అవే. ఎంత చేయి తిరిగిన సర్జనైనా వేళ్ళతో గడ్డ తడిమి, దాని చుట్టూ మంచి కండ వదిలి కోశాడనుకోండి. గడ్డ చుట్టూ అంచు బ్రహ్మాండంగా వస్తుంది. చనుమొన వైపు కాలువలో ఉన్నది మాత్రం సిరాను తాకుతుంది. మేం పాజిటివ్ అని రాసే రిపోర్టుల్లో చాలావాటి కథ ఇదే.

అందుకని మీ ఆవిడ విషయంలో నేను మొదట అడిగేది ఆ కొత్త కెమెరా గురించి కాదు. మామూలు ఎక్స్‌రే గురించి. తీసిన ముక్కను, పేషెంటు ఇంకా మత్తులో ఉండగానే, మామోగ్రామ్ మిషన్‌కో, థియేటర్‌లోనే ఉండే చిన్న ఎక్స్‌రే పెట్టెకో పంపి ఫిల్ము తీస్తారు. దాన్ని స్పెసిమన్ ఎక్స్‌రే అంటారు. పాత మామోగ్రామ్‌లో చూసిన చుక్కలన్నీ ఈ ముక్కలోకి వచ్చాయా, ఏ వైపైనా చుక్కలు అంచుదాకా వచ్చి తెగిపోయాయా అన్నది పది పదిహేను నిమిషాల్లో తెలుస్తుంది. తెగిపోతే కుట్లు వేయకముందే ఆ వైపు ఇంకొంచెం తీస్తారు. దీనికో లోపముంది. ఒంట్లో లడ్డూలా ఉన్న ముక్క బయటికి తీసి పెట్టేసరికి అట్టులా చదునవుతుంది. మిషన్ కింద నొక్కితే ఇంకా చదునవుతుంది. దాంతో అంచులు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయి. ఇంకా పెద్ద లోపం, సున్నం పేరుకోని క్యాన్సర్ కణాలు ఎక్స్‌రేకి కనపడవు. అయినా మీ కేసులో చుక్కలున్నాయి కాబట్టి ఇది లేకుండా చేయించొద్దని నా మాట. ఇంకోటి, ఆ చుక్కలు ఎక్కడిదాకా ఉన్నాయో తెలిసేందుకు ఆపరేషన్ రోజు పొద్దున మామోగ్రామ్‌లో చూస్తూ సన్నటి తీగ గుచ్చి గుర్తు పెడతారు. గడ్డ చేతికి తగులుతోంది కదా తీగ ఎందుకు అని ఎవరైనా అంటే, గడ్డకు కాదండీ, చుక్కలకు అని మీరు చెప్పాలి.

రెండోది స్కానింగ్, అంటే అల్ట్రాసౌండ్. గర్భిణులకు పొట్ట మీద పెట్టేదే. సర్జన్ కోస్తూ మధ్యమధ్యలో ప్రోబ్ పెట్టి గడ్డ ఎక్కడుందో చూసుకుంటూ కోయడం. నెదర్లాండ్స్‌లో చేతికి తగిలే గడ్డలున్న ఆడవాళ్ళను రెండు జట్లుగా చేసి పోల్చి చూశారు. 2013లో అచ్చయిన ఆ ఫలితం నాకు ఇప్పటికీ గుర్తు. వేళ్ళతో తడిమి కోసిన జట్టులో 17 శాతం మందికి అంచుల్లో క్యాన్సర్ తగిలితే, స్కానింగ్‌తో కోసిన జట్టులో 3 శాతం. పైగా అనవసరంగా తీసిన మంచి కండ కూడా తగ్గింది. స్కానింగ్ మిషన్లకు మన ఒంగోలు, నెల్లూరుల్లో కొదవేముంది? దాన్ని థియేటర్‌లో తన చేత్తో వాడగల సర్జనే అరుదు. అందుకే మీరు ఆయన్ని “స్కానింగ్ మిషన్ ఉందా” అని అడిగితే ఉందనే అంటారు. “ఆపరేషన్‌లో మీరు వాడతారా” అని అడగండి. కాలువలో ఉన్న డీసీఐఎస్ స్కానింగ్‌కి సరిగ్గా దొరకదు. కాబట్టి మీకు గడ్డకు స్కానింగ్, చుక్కలకు ఎక్స్‌రే. రెండూ ఉంటే మంచి జత.

మూడోది ఫ్రోజెన్ సెక్షన్. ఇది మా పని. ముక్కలో కొంత భాగాన్ని మైనస్ ఇరవై డిగ్రీల చలిపెట్టెలో గడ్డకట్టించి, అప్పటికప్పుడు పొర కోసి, అరగంటలో సర్జన్‌కి ఫోన్ చేసి చెప్పడం. వినడానికి బాగుంటుంది. ఆ అరగంట నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. రొమ్ములో సగం కొవ్వు, ఆ చలికి కండ గడ్డకడుతుంది గానీ కొవ్వు గట్టిపడదు. బ్లేడు కింద చిరిగిపోతుంది, మడతలు పడుతుంది, స్లైడు మీద చిల్లులే మిగులుతాయి. పైగా బత్తాయంత ముక్క అంచంతా అరగంటలో చూడలేం, నాలుగైదు చోట్ల చూస్తాం. మీకు చెప్పేదేముంది, వేలంలో బేలు పైన నాలుగాకులు లాగి చూసి గ్రేడు కట్టినట్టు. నాలుగూ మంచివే రావొచ్చు. ఒకసారి నేను అన్ని వైపులా శుభ్రం అని ఫోన్‌లో చెప్పాను. ఆరు రోజుల తర్వాత మైనం దిమ్మల స్లైడ్లు చూస్తే కింది అంచున రెండు మిల్లీమీటర్ల మేర క్యాన్సర్ సిరా మీదే కూర్చుని ఉంది. సర్జన్‌కి మళ్ళీ నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ పేషెంటు మళ్ళీ థియేటర్‌కి వెళ్ళింది. ఆ పొరపాటుకి ఎవరూ నన్ను తిట్టలేదు, పద్ధతికే ఉన్న లోపమది. కానీ ఆ తర్వాత ఫోన్‌లో “శుభ్రం” అనడం మానేశాను, “చూసినంతవరకు కనపడలేదు” అనేదాన్ని.

ఇక మీ బావమరిది చెప్పిన కెమెరా. వెలుగులో క్యాన్సర్ చూపించేది నిజంగానే ఉంది. పెగులిసియానిన్ అనే మందును ఆపరేషన్‌కి కొన్ని గంటల ముందు నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ ఉన్న చోట ఎక్కువగా ఉండే ఎంజైములు ఆ మందును తెంపుతాయి, తెగిన మందు మెరుస్తుంది. గడ్డ తీశాక రొమ్ములో ఏర్పడ్డ గొయ్యిలోకి సర్జన్ చిన్న కెమెరా పెట్టి, మెరిసిన చోట ఇంకో పొర తీస్తారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీన్ని 2024 ఏప్రిల్‌లో అనుమతించింది. మా రంగంలో ఇది చిన్న వార్త కాదు. ముక్కను కాకుండా, ఒంట్లో మిగిలినదాన్ని నేరుగా చూసే ప్రయత్నం అది. కానీ ఆ అనుమతికి ఆధారమైన పరీక్షల్లోనే, పట్టుకోవలసిన చోట్లలో సుమారు సగం మాత్రమే అది పట్టుకుంది. తీవ్రమైన ఎలర్జీ రావచ్చని మందు పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది. అది వాడినా ముక్క ల్యాబుకి వెళ్ళాల్సిందే, సిరా పూయాల్సిందే, వారం ఆగాల్సిందే.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. మన పెద్ద ఆస్పత్రుల్లో పచ్చటి మందు ఎక్కించి చూసే కెమెరాలు చాలా ఉన్నాయి. ఆ మందును ఐసీజీ అంటారు. వాటి ముఖ్యమైన పని వేరు, క్యాన్సర్ పాకితే ముందుగా చేరే చంకలోని మొదటి గ్రంథిని వెతకడం, కుట్టిన కండకు రక్తం అందుతోందా చూడటం. మీ బావమరిది విన్నది దాని గురించే అయితే అంచులకూ దానికీ పెద్దగా సంబంధం లేదు. ఏ మందు, ఎందుకు వాడతారు అని ఆ ఆస్పత్రినే అడగమనండి. ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ముక్క మీద ఆనిస్తే రేడియో తరంగాలతో తేడా చెప్పే ప్రోబు 2012 చివర్లోనే అమెరికాలో అనుమతి పొందింది. లండన్‌లో 2013లో, కోసేటప్పుడు లేచే పొగను పసిగట్టి క్యాన్సరో కాదో చెప్పే కత్తిని చూపించారు. పొగ వాసన పట్టి ఆకు పండిందో లేదో చెప్పే మీ బ్యారన్ పెద్దలు గుర్తొచ్చారు నాకు అది చదివినప్పుడు. ఇవేవీ ల్యాబు రిపోర్టుకు బదులు కాలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చినదానికి యంత్రమే అక్కర్లేదు. గడ్డ తీశాక, గొయ్యి చుట్టూ అన్ని గోడలనుంచీ ఇంకో పలచటి పొర చెక్కి తీసి విడివిడిగా పంపడం. కొబ్బరి చిప్పకు అంటుకున్నది గీరినట్టు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో 235 మంది మీద పరీక్షించి 2015లో ఫలితం చెప్పారు. పొర తీయనివాళ్ళలో 34 శాతం మందికి అంచు పాజిటివ్ వస్తే, తీసినవాళ్ళలో 19 శాతం. రెండో ఆపరేషన్ 21 శాతం నుంచి 10 శాతానికి దిగింది. రొమ్ము ఆకారంలో పేషెంట్లకు తేడా ఏమీ తెలియలేదు. దీనికి కావలసింది కత్తి, ఓపిక, నాలాంటి వాళ్ళకు ఇంకో ఆరు డబ్బాల పని. మీ సర్జన్ గారిని ఇది తప్పకుండా అడగండి. మీ చుక్కలున్న వైపైనా, చనుమొన వైపు, ఇంకో పొర తీస్తారా అని.

దారాల సంగతి కూడా అడగండి, నామోషీ అనుకోకుండా. ఒకసారి ఒక ఆస్పత్రి నుంచి ముక్క వచ్చింది, డబ్బాలో దారం తెగి అడుగున పడి ఉంది. ఏ వైపుదో తెలియదు. ఫోన్ చేస్తే సర్జన్ అప్పటికే ఇంకో ఊళ్ళో ఇంకో థియేటర్‌లో ఉన్నాడు. నేను తోచిన రంగులు పూశాను. ఒక వైపు పాజిటివ్ వచ్చింది. ఏ వైపు? పైనా కిందా? చెప్పలేకపోయాను. ఒక వైపు గోరంత తీస్తే సరిపోయేదానికి ఆ ఇల్లాలికి గొయ్యి మొత్తం మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఐదు రూపాయల దారం.

కాబట్టి, చెన్నైకా నెల్లూరుకా అంటే, కెమెరాను బట్టి తేల్చుకోకండి. చెన్నై వెళ్ళడం తప్పని నేననను. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు మొదలుపెట్టినప్పటినుంచీ మన జిల్లాల వాళ్ళు రైలెక్కి వెళ్తూనే ఉన్నారు, బాగై వస్తూనే ఉన్నారు. అయితే ఎక్కడికెళ్ళినా అడగాల్సింది, మీరు గడ్డ వరకు తీసిన పదిమందిలో ఎందరిని రెండోసారి పిలవాల్సి వస్తోంది అని. లెక్క రాసుకునే సర్జన్ టక్కున చెప్తాడు. ఒకరో ఇద్దరో అంటే మంచి చోటే. “మా దగ్గర ఎవరికీ రాదు” అంటే నేనైతే అక్కడ ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాను. ఎవరికీ రాకపోవడానికి రెండే దారులు, మరీ పెద్ద గొయ్యి చేయడం, లేదా అంచులు సరిగ్గా చూడకపోవడం.

దీంతోపాటు మన వైపు కరెంటు పెట్టడం అంటామే, ఆ రేడియేషన్ ఎక్కడో ముందే చూసుకోండి. గడ్డ వరకు తీస్తే అది తప్పదు. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు సాధారణం. ఆపరేషన్ ఒక్కరోజు పని, కరెంటుకి రోజూ వెళ్ళాలి. నెల్లూరు, గుంటూరు, తిరుపతి, చెన్నై, ఎక్కడైతే మీ ఆవిడ వెంట ఓ మనిషి ఉండగలరో అది చూసుకుని మిగతాది నిర్ణయించుకోండి. ఆరోగ్యశ్రీ కింద, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. మీరు అనుకున్న ఆస్పత్రికి మీ కార్డు చెల్లుతుందా అన్నది అడ్వాన్సు కట్టకముందే అడగండి. చెన్నై అయితే మరీ.

ఒక పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, బయాప్సీ రిపోర్టు చివర “ఈఆర్, పీఆర్, హెర్2 కు పంపడమైనది” అని ఉంది. ఈఆర్, పీఆర్ నేను పైన చెప్పిన హార్మోన్ పరీక్షలు, హెర్2 క్యాన్సర్ కణం మీద ఉండే ఒక ప్రొటీన్ కోసం చేసేది. అది రాకుండా ఆపరేషన్‌కి తేదీ ఖాయం చేసుకోవద్దు. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటింది కాబట్టి, ఆ ఫలితాన్ని బట్టి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేద్దామనవచ్చు. అలా అంటే భయపడకండి, ఆపరేషన్‌కి పనికిరానంత ముదిరిందని కాదు. కానీ కీమోకి ముందే గడ్డలో చిన్న లోహపు క్లిప్పు పెట్టించండి. కీమోకి గడ్డ పూర్తిగా కరిగిపోయిన వాళ్ళున్నారు. అప్పుడు సర్జన్‌కి ఎక్కడ కోయాలో, ఎక్స్‌రేలో ఏం వెతకాలో ఆ క్లిప్పే చెప్తుంది.

మీ అన్నయ్య గారి మాటకొస్తే, పీడా పోతుంది అనుకోవడం సహజమే. మా అమ్మమ్మ తరం డాక్టర్లూ అలాగే అనుకున్నారు. 1973లో ఇటలీలోని మిలాన్‌లో వెరోనేసి అనే సర్జన్, 1976లో అమెరికాలో ఫిషర్ అనే సర్జన్, కొంతమందికి మొత్తం తీసి, కొంతమందికి గడ్డ వరకు తీసి కరెంటు పెట్టి, ఇరవై ఏళ్ళు వెంటబడి చూశారు. 2002లో రెండు ఫలితాలూ వచ్చాయి. రెండు జట్లలోనూ బతికి ఉన్నవాళ్ళు సమానం. మొత్తం తీసినా ఛాతీ గోడ మీద తిరగబెట్టడం ఉంది. చంక గ్రంథుల్లోకి వెళ్ళి ఉంటే మొత్తం తీసినా కరెంటు పెట్టాల్సి రావచ్చు. మరి మొత్తం ఎప్పుడు తీయాలి? చుక్కలు రొమ్మంతా పరుచుకుని ఉంటే, వేర్వేరు మూలల్లో గడ్డలుంటే, గతంలో అదే ఛాతీకి కరెంటు పెట్టి ఉంటే, రెండు మూడుసార్లు తీసినా అంచు పాజిటివ్ వస్తుంటే. మీ రిపోర్టుల్లో ఇప్పటికైతే అవేవీ లేవు.

మొత్తం తీయడానికి ఇంకో మంచి కారణం ఉంది, ఆమె కావాలనుకోవడం. మీ ఉత్తరంలో బావమరిది మాట ఉంది, అన్నయ్య మాట ఉంది, మీ బ్యారన్ కూడా ఉంది. ఆమె అన్నది రెండే ముక్కలు, “మీ ఇష్టం”. మన ఇళ్ళల్లో ఆ మాటకు అర్థం ఇష్టం లేదనా, భయమనా, ఖర్చు చూసి నోరు మెదపడం లేదనా అన్నది మీకే తెలియాలి. సర్జన్ దగ్గర మీరంతా కూర్చుని ఉండగా ఆమె ఏం అడుగుతుంది? ఈసారి వెళ్ళినప్పుడు మీరు, మీ అన్నయ్య బయట బెంచీ మీద కూర్చోండి. ఆమెను, కావాలంటే ఆమె చెల్లెల్నో అక్కనో లోపలికి పంపండి. నర్సుతోనైనా పది నిమిషాలు మాట్లాడనివ్వండి. రెండో ఆపరేషన్ రావచ్చన్న సంగతి కూడా ఆమెకు ముందే తెలియాలి. వచ్చే అవకాశం ఉన్నా రొమ్ము ఉంచుకుంటానంటుందా, ఒకే దెబ్బతో అయిపోవాలంటుందా అన్నది ఆమె తేల్చుకోవాల్సింది.

రెండోసారి కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్ళో ఎవరో ఒకరు అంటారు, రాసిపెట్టుకోండి. పాకదు. అంచు పాజిటివ్ అని రెండోసారి తీసిన ముక్కల్లో ఎన్నిట్లోనో నాకు ఒక్క క్యాన్సర్ కణం కూడా దొరకలేదు. అలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజు నేను టీ తాగి మరీ ఇంటికెళ్ళేదాన్ని.

సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మామోగ్రామ్ రిపోర్టు కాగితం చాలదు, ఫిల్ము గానీ సీడీ గానీ పట్టుకెళ్ళండి. చుక్కలు కాగితంలో కనపడవు. ఆపరేషనయ్యాక చంక వైపు కుట్లు మానేదాకా బ్యారన్ దగ్గర కర్రలు పైకందించే పని ఆమెకు పెట్టకండి. చంక గ్రంథులు ఎక్కువ తీస్తే ఎడమ చెయ్యి బరువు మోసే విషయం సర్జన్‌నే అడగాలి. రిపోర్టు వచ్చాక ఫొటో పంపండి. మార్జిన్లు అన్న పేరా, దాని కింద రంగుల వివరం పూర్తిగా కనిపించేలా తీయండి, పోయినసారి ఫొటోలో సగం మీ బొటనవేలే ఉంది.